గోదావరి తెచ్చిన మట్టి – కోరంగి రేవు కథ

సంక్రాంతి అంటే కొత్త బియ్యం పండుగ. ఎన్ని వేల మైళ్ల దూరంలో ఉన్నా, ఆనాడు పాలు పొంగించి పరమాన్నం వండుకుంటేనే మనకు పండుగ చేసుకున్నట్లుంటుంది. ఆ బియ్యపు గింజ వెనుక రైతు చెమట ఉందని పిల్లలకు చెబుతాం. గోదావరి నీళ్లున్నాయని చెబుతాం. ఆనకట్ట కట్టిన కాటన్ దొరను తలచుకుంటాం. కాని ఆ వరిచేను నిలబడిన మట్టి ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం సాధారణంగా మనకు తట్టదు. నేల ఎప్పుడూ అక్కడే ఉందనుకుంటాం.

నిజానికి కోనసీమ నేల కోనసీమది కాదు. అది కూడా మనలాగే వలస వచ్చింది. మహారాష్ట్ర కొండల నుంచి, బస్తరు అడవుల నుంచి, తూర్పు కనుమల నుంచి వేల ఏళ్లపాటు గోదావరి మోసుకొచ్చి పోసిన మట్టి అది. మనవాళ్లకు అన్నం పెట్టింది ఆ మట్టే. మనవాళ్లు ఓడలెక్కిన రేవుల్ని పూడ్చివేసిందీ ఆ మట్టే. మన చరిత్ర పుస్తకాల్లో రాజులకూ యుద్ధాలకూ దొరికినంత చోటు దీనికి దొరకలేదు.

పరాయి దేశాల్లో స్థిరపడ్డ తెలుగువారికి ఈ కథతో ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. మనకంటే ముందు తరాల్లో సముద్రం దాటిన తెలుగువారిలో ఎందరికో అక్కడి జనం నోట ఊరి పేరూ ఇంటిపేరూ పోయి, "కోరంగివాళ్లు" అన్న ఒక్క రేవు పేరే మిగిలింది. ఆ కోరంగిలో ఇవాళ ఓడలు లేవు. ఎందుకు లేవో తెలుసుకోవాలంటే ముందు కొండల దగ్గరికి వెళ్లాలి.

కొండ మట్టి అయ్యే తీరు

గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుడుతుంది. అక్కడి నుంచి అరేబియా సముద్రం యాభై మైళ్ల దూరమే. అయినా నది అటు పోదు. దక్కను పీఠభూమి తూర్పుకు వాలి ఉంది కనుక 1,465 కిలోమీటర్లు నడిచి వచ్చి మన బంగాళాఖాతంలో కలుస్తుంది. దారిలో మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా నేల మీద పడిన వాన నీరంతా ఈ నదిలోకే చేరుతుంది. అంటే భారతదేశ విస్తీర్ణంలో దాదాపు పదో వంతు.

ఈ పరీవాహక ప్రాంతంలో సగానికి దగ్గరగా నల్లరాయి ఉంది. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి పగుళ్ల నుంచి పొంగిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి ఈ రాయి అయింది. రాజమండ్రి దగ్గర కాతేరులోనూ, ఏటికి అవతల పంగిడి దగ్గరా కనిపించే నల్లరాయి కూడా ఆ కాలపు లావాయేనని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.

అంత గట్టి రాయి మట్టి ఎలా అవుతుంది? ఎవరూ రోకలితో దంచరు. పగటి ఎండకు రాయి వ్యాకోచిస్తుంది, రాత్రి చలికి ముడుచుకుంటుంది. సన్నని పగుళ్లు పడతాయి. ఆ పగుళ్లలోకి వాన నీరు దిగుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని వచ్చిన వాన నీటికి కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. అది రాతిలోని ఖనిజాలను మెల్లగా మార్చివేస్తుంది. చెట్ల వేళ్లు దూరి పగుళ్లను వెడల్పు చేస్తాయి. కొన్నాళ్లకు రాయి ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడివస్తుంది. దీన్నే మన పాఠ్యపుస్తకాల్లో శిలాశైథిల్యం అన్నారు. నల్లరాయి ఇలా శిథిలమై నల్లరేగడి అయింది. మహారాష్ట్రలో, మన తెలంగాణలోని ఆదిలాబాదు ప్రాంతంలో పత్తి పండించే నేల అదే.

తరువాతి పని వానది, వాగుది. శిథిలమైన మట్టిని వాన కడుగుతుంది, వాగు మోస్తుంది, నది తీసుకుపోతుంది. ఇది క్రమక్షయం. ప్రాణహిత వచ్చి విదర్భ మట్టిని కలుపుతుంది. ఇంద్రావతి బస్తరు నుంచి, శబరి తూర్పు కనుమల నుంచి తమ వంతు తెస్తాయి. తూర్పు కనుమల్లో విస్తారంగా ఉన్న రాయికి శాస్త్రజ్ఞులు ఖొండలైట్ అని పేరు పెట్టారు. అక్కడి ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన పేరు అది. ఈ రాయి శిథిలమైతే ఎర్రమట్టి వస్తుంది. అందులోని గార్నెట్ రేణువులు గట్టివి, త్వరగా అరగవు. మన సముద్ర తీరపు ఇసుకను దోసిట్లోకి తీసుకుంటే మధ్యలో ఎర్రగా మెరిసే రేణువులు కనిపిస్తాయి. కొండల నుంచి సముద్రం దాకా వచ్చిన యాత్రికులవి.

గోదావరి జిల్లాల్లో వానాకాలం మొదట్లో "ఏటికి ఎర్రనీరు వచ్చింది" అంటారు. పెద్దలు ఆ మాట సంతోషంగా అంటారు. ఆ ఎరుపు ఎక్కడో కొండల మీద కరిగిన నేల రంగు. పైవాడికి నష్టమైనది కిందివాడికి ఎరువుగా వస్తోందన్నమాట.

నది కట్టిన నేల

పాపికొండల మధ్య గోదావరి ఇరుకున పడి, లోతుగా పారుతుంది. పోలవరం దాటాక కొండలు పక్కకు తప్పుకుంటాయి. నది ఒక్కసారిగా విశాలమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నేల వాలు బాగా తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. వేగం తగ్గిన నీరు బరువు మోయలేదు. ముందు ముతక ఇసుకను దింపుతుంది. తరువాత సన్న ఇసుక. అన్నిటికన్నా మెత్తని బంకమట్టిని చివరిదాకా తీసుకుపోయి సముద్రపు ఉప్పునీరు తగిలే చోట వదులుతుంది. ఇది నిక్షేపణ. మన రైతు మాటలో చెప్పాలంటే "మేట వేయడం", ఆ మట్టి "ఒండ్రు".

వేసిన మేటే దారికి అడ్డం అవుతుంది. అడ్డం వచ్చిన చోట నది చీలుతుంది. ధవళేశ్వరం దిగువన తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వశిష్ఠ. వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ విడిపోతుంది. సప్తర్షులు గోదావరిని ఏడు పాయలుగా సముద్రానికి తీసుకుపోయారని మన పురాణ కథ. పాయలు చీలడాన్ని మన పూర్వులు ఎంత శ్రద్ధగా గమనించారో ఆ కథలోనే తెలుస్తుంది. ఈ పాయల మధ్య ఏర్పడిన త్రికోణాకారపు నేలే డెల్టా. గోదావరి డెల్టా సుమారు ఐదు వేల చదరపు కిలోమీటర్లు ఉంటుంది.

నది మధ్యలో వేసిన మేటలు లంకలు అయ్యాయి. ఊడిమూడిలంక, బడుగువానిలంక వంటి ఊళ్ల పేర్లు ఆ నేలల జన్మపత్రికలు. లంక భూముల్లో పొగాకు, అరటి, కూరగాయలు విరగపండుతాయి. కాని ఆ భూమికి భరోసా లేదు. ఒక వరదకు ఈ ఒడ్డున కోత పడితే, మరో వరదకు ఆ ఒడ్డున మేట వేస్తుంది. లంక రైతుకు ఆస్తి ఇచ్చేదీ, తీసుకునేదీ గోదావరే.

సముద్రతీరం నుంచి మైళ్ల దూరం లోపలికి వచ్చినా కోనసీమలో బారులుగా ఇసుక మెరకలు కనిపిస్తాయి. వాటి మీద కొబ్బరితోటలు, ఊళ్లు ఉంటాయి. మెరకల మధ్య పల్లంలో వరి ఉంటుంది. ఈ ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్లు. నది మట్టి వేసి ముందుకు జరిగినప్పుడల్లా పాత ఒడ్డు వెనుక ఉండిపోయి, ముందు కొత్త ఒడ్డు ఏర్పడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు వీటిని వరుసగా పరిశీలించి, నేడు మనం చూసే డెల్టాలో పెద్ద భాగం గత ఆరు వేల ఏళ్లలో ఏర్పడిందని తేల్చారు. భూమి వయసుతో పోలిస్తే ఇది నిన్న మొన్నటి సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు ఒకప్పుడు సముద్రంతో కలిసిన ఉప్పునీటి కయ్య. ఇరువైపులా రెండు నదులూ మట్టి వేసుకుంటూ ముందుకు పోగా, మధ్యలో మిగిలిపోయి మంచినీటి సరస్సు అయింది.

కాటన్ చూసిన వాలు

డెల్టా నేలలో ఒక విచిత్రం ఉంది. మామూలుగా నది పల్లంలో, పొలాలు మెరక మీద ఉంటాయి. డెల్టాలో తలకిందులు. వరద ఒడ్డు దాటి పొర్లినప్పుడల్లా ఒడ్డు పక్కనే ఎక్కువ మట్టి దిగుతుంది. దాంతో నది గట్లు ఎత్తుగా, దూరంగా ఉన్న పొలాలు పల్లంగా తయారవుతాయి. నదిని పైన పట్టుకొని కాలువల్లోకి మళ్లిస్తే చాలు, నీరు తనంత తానే పొలాలకు పారుతుంది.

సర్ ఆర్థర్ కాటన్ (1803–1899) గొప్పతనం ఈ వాలును చదవగలగడంలో ఉంది. ఆయన అంతకుముందు కావేరి డెల్టాలో పనిచేశాడు. చోళుల నాటి కల్లణై ఆనకట్టను శ్రద్ధగా పరిశీలించాడు. ఆ అనుభవంతో గోదావరికి వచ్చాడు. అప్పటికి గోదావరి జిల్లా దయనీయ స్థితిలో ఉంది. 1832–33లో వచ్చిన నందన కరువు తెలుగు జిల్లాలను కుదిపేసింది. ప్రక్కన మహానది పారుతూ ఉండగా జనం తిండి లేక చనిపోయారు. అన్ని వేల ఏళ్ల పాటు నది వేసిన బంగారు నేల ఉంది. సమయానికి నీరందించే ఏర్పాటు లేదు.

1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు తలమానికమైన ధవళేశ్వరం దగ్గరే కట్టారు. పక్కనే ఉన్న కొండ నుంచి రాయి తీశారు. వేలాది కూలీలను సమకూర్చి, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచిన వీణెం వీరన్న పేరు కూడా మనం గుర్తుంచుకోవాలి. నేడు ఆ ఆనకట్ట స్థానంలో కాటన్ పేరుతో బ్యారేజి ఉంది. సుమారు పది లక్షల ఎకరాలకు నీరందుతోంది. కాలువల్లో వచ్చిన నీటితో పాటు ఒండ్రు కూడా చేలకు చేరింది. కరువు జిల్లా అన్నపూర్ణ అయింది.

నేల వైపు నుంచి చూస్తే మట్టి చేసిన మేలు ఇది. ఇప్పుడు సముద్రం వైపు నుంచి చూద్దాం.

పూడిన రేవులు

తెలుగు తీరంలో రేవులకు చాలా పాత చరిత్ర ఉంది. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో టాలెమీ మైసోలియా అని పేర్కొన్నది కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని. అతడు చెప్పిన కొంటకొస్సిల అనే వర్తక కేంద్రం మన ఘంటసాలేనని చరిత్రకారుల అభిప్రాయం. ఆ ప్రాంతానికి దగ్గరలోని ఒక చోటు నుంచి ఓడలు తీరం విడిచి, నేరుగా సువర్ణభూమి వైపు సాగిపోయేవని కూడా టాలెమీ రాశాడు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం బయటపడింది. ఇవాళ ఆ ఊరి చుట్టూ చూస్తే కనిపించేవి పచ్చని పొలాలు. సముద్రం మైళ్ల దూరాన ఉంది.

తరువాత మోటుపల్లి వచ్చింది. కాకతీయ గణపతిదేవుడు 1244–45లో అక్కడ అభయశాసనం వేయించాడు. తుఫానులకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పాలకులు స్వాధీనం చేసుకునే పాత అలవాటును మాన్పించి, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని వర్తకులకు అభయమిచ్చిన శాసనం అది. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్నీ, దాన్ని ఏలిన రాణినీ, ఇక్కడి సన్నని వస్త్రాలనూ పొగిడాడు. ఆపైన బందరు. ఆ మాటకు అర్థమే రేవు. డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానాలు తెరిచారు. కాని కృష్ణ వేసిన మేటల వల్ల ఒడ్డు పక్కన నీటికి లోతు లేదు. పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసుకోవలసి వచ్చేది. సరుకు, మనుషులు పడవల మీద రాకపోకలు సాగించేవారు. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో సుమారు ముప్పై వేల మంది పోయారు. ఆ దెబ్బ నుంచి ఆ రేవు మళ్లీ పాత వైభవానికి రాలేదు.

రేవులు క్షీణించడానికి మట్టి ఒక్కటే కారణం కాదు. రాజ్యాలు మారాయి, వర్తకం మారింది, ఓడల పరిమాణం పెరిగింది. అయితే డెల్టా తీరంలో ఏ రేవుకైనా నది పెట్టిన గడువు ఒకటుంటుంది. నది మొగ దగ్గర ఉంటేనే లోపలి ప్రాంతపు సరుకు పడవల్లో వచ్చి చేరుతుంది. కాని మొగ దగ్గర ఉన్నంతకాలం మేట తప్పదు. కోరంగి విషయంలో ఇది కళ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

కోరంగి వైభవం

కోరంగి నేటి కాకినాడ జిల్లా తాళ్లరేవు మండలంలో, గౌతమి నుంచి విడిపోయిన ఒక చిన్న పాయ మీద ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఈ చుట్టుపక్కల యూరపు దేశాలవారు బారులు తీరారు. ఇంజరంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు, జగన్నాథపురంలో డచ్చివారు. గోదావరి జిల్లాల నేత బట్టకు అంత గిరాకీ ఉండేది. నరసాపురం పక్కన మాధవాయపాలెం నుంచి వెళ్లిన బట్టకు 'మడపొల్లం' అని ఆ ఊరి పేరే స్థిరపడింది.

కోరంగికి మరో ప్రత్యేకత ఓడల పని. పాయలోని బురద నేల మెత్తన. అలల తాకిడి లేదు. అడవుల నుంచి కలప గోదావరి మీద తెప్పలుగా వచ్చేది. వడ్రంగులు నేర్పరులు. కలకత్తాకూ సింహళంలోని తిరుకోణమలకూ మధ్య పెద్ద ఓడలను ఒడ్డుకు చేర్చి మరమ్మతు చేసుకునే చోటు ఇదొక్కటేనని ఆనాటి నావికులు చెప్పుకొనేవారు. 1802 ప్రాంతంలో ఒక ఇంగ్లీషు వర్తకుడు ఇక్కడ ఓడల మరమ్మతుకు డాకు కూడా కట్టించాడు. కొయ్య పడవలు కట్టే నేర్పు తాళ్లరేవు ప్రాంతంలో మన కాలం దాకా నిలిచింది.

ఆ రేవును సముద్రం రెండుసార్లు తుడిచిపెట్టింది. 1789 డిసెంబరులో తుఫాను వేళ మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి, ఓడలను ఊరి మీదికి, పొలాల మీదికి విసిరికొట్టాయి. దాదాపు ఇరవై వేల మంది చనిపోయారని చెబుతారు. తిరిగి 1839 నవంబరులో మరో ఉప్పెన ఊరిని, రేవును ముంచివేసింది. కలకత్తాలో ఉండి బంగాళాఖాతపు తుఫానులను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 'సైక్లోన్' అనే మాటను 1848లో తన గ్రంథంలో ప్రవేశపెట్టాడు. ఆయన పరిశీలించిన విపత్తుల్లో 1789 నాటి కోరంగి ఉప్పెన ఒకటి.

ఇంత జరిగినా కోరంగివారు రేవును వదల్లేదు. మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు, మళ్లీ ఓడలు కట్టారు. ఉప్పెనలు చేయలేని పనిని చివరకు చడీచప్పుడూ లేని ఒండ్రు చేసింది. ఏటేటా పాయ మొగలో ఇసుక తిప్ప పెరిగింది. మొదట పెద్ద ఓడలకు దారి మూసుకుంది. తరువాత మధ్యరకం ఓడలకు. పంతొమ్మిదో శతాబ్దం చివరికి వర్తకమంతా కాకినాడకు తరలిపోయింది.

కోరంగివాళ్లు

రేవు బతికి ఉన్న రోజుల్లో దాని పేరు సముద్రాలు దాటింది. బ్రిటిషు సామ్రాజ్యంలో 1834లో బానిసత్వ నిషేధ చట్టం అమలులోకి వచ్చాక చెరకు తోటలకు కూలీలు కావలసి వచ్చారు. ఒప్పందపు కూలీలుగా తెలుగువారు మారిషస్‌కు వెళ్లారు. 'కోరంగి పాకెట్' అనే పేరుగల ఓడ కూడా 1840లలో మనవాళ్లను అక్కడికి చేర్చింది. మారిషస్‌లో తెలుగువారికి 'కోరంగీ' అన్న పేరు అలా నిలిచింది.

1852లో దిగువ బర్మా బ్రిటిషువారి చేతికి చిక్కాక రంగూనులో వరి మిల్లులు, రేవు పనులు పెరిగాయి. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వేలాదిగా జనం ఓడలెక్కారు. "రంగం వెళ్లాడు" అన్న మాట ఉత్తరాంధ్ర పల్లెల్లో నిన్నటి దాకా వినిపించేది. రంగూను రేవులో బస్తాలు మోసిన ఆ తెలుగువారిని అక్కడివారూ దొరలూ కూడా 'కోరంగీలు' అన్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడైనా, బొబ్బిలి నుంచి వచ్చినవాడైనా పేరు ఒక్కటే. ఆ పిలుపులో తరచు చులకన ఉండేది. 1930 మే నెలలో రంగూను రేవు పని విషయంలో బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య జరిగిన అల్లర్లలో మనవాళ్లు ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు వేలమంది అడవిదారుల్లో నడిచి స్వదేశం చేరవలసి వచ్చింది.

వారిలో చాలామంది కోరంగిని చూసి ఉండరు. రంగూనులో ఆ పేరు మారుమోగుతున్న కాలానికే కోరంగి పాయలో ఓడ తిరిగే లోతు లేదు. ఆ తరంవారు కాకినాడలోనూ విశాఖలోనూ ఓడ ఎక్కారు. పూడిపోయిన రేవు పేరు బతికి ఉన్న మనుషుల మీద నిలిచిపోయింది.

ఒక చోట తీసి మరో చోట పెట్టి

కోరంగిని మూసిన ఒండ్రే కాకినాడకు మేలు చేయడం ఈ కథలో మరో మలుపు. గౌతమి మొగలో పడిన ఇసుకను నైరుతి రుతుపవనాల కాలపు అలలు తీరం వెంట ఉత్తరంగా నెట్టుకుపోతాయి. అలా నెట్టిన ఇసుక గత రెండు వందల ఏళ్లలో సుమారు పదహారు కిలోమీటర్ల పొడవున సన్నని తిప్పగా పెరిగింది. అదే హోప్ ఐలాండ్. ఆ తిప్ప కాకినాడకు సహజమైన అడ్డుగోడ. లోపలి అఖాతంలో అలలు శాంతించి, ఓడలకు నీడ దొరికింది. 1861–65 నాటి అమెరికా అంతర్యుద్ధ కాలంలో ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువైనప్పుడు కాకినాడ ఎగుమతులు ఒక్కసారిగా పెరిగాయి. అయితే ఆ అఖాతంలోనూ మేట తప్పలేదు. ఓడలు దూరాన ఆగితే నావల మీద సరుకు చేరవేయడం చాలాకాలం సాగింది. 1997లో లోతునీటి రేవు వచ్చాక గాని పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేకపోయాయి.

కోరంగిలో ఓడలు పోయిన చోట మడ అడవి పెరిగింది. ఉప్పునీటిలో, బురదలో బతికే ఆ చెట్ల వేళ్లు ఒండ్రును వలలా పట్టి ఆపుతాయి. ఉప్పెన వేగాన్నీ తగ్గిస్తాయి. 1978లో ప్రభుత్వం సుమారు 235 చదరపు కిలోమీటర్ల మేర దాన్ని అభయారణ్యంగా ప్రకటించింది. 1789లో ఓడలను ఊరి మీదికి విసిరిన కెరటాలకు ఇవాళ ఆ దారిలో కొంతైనా అడ్డు ఉంది.

మట్టి తగ్గిన నది

ఇంతవరకు చెప్పింది మట్టి ఎక్కువై రేవులు పూడిన కథ. మన కాలంలో కథ అడ్డం తిరిగింది. నదుల మీద ఎగువన కట్టిన జలాశయాలు నీటితో పాటు మట్టిని కూడా ఆపుతున్నాయి. 1970ల దశకంలో గోదావరి ధవళేశ్వరం దగ్గరకు ఏడాదికి సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000 తరువాత అది ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని పరిశోధకులు లెక్క కట్టారు. కృష్ణ విషయంలో తగ్గుదల ఇంకా తీవ్రం.

డెల్టా అనేది కట్టి పూర్తిచేసిన ఇల్లు లాంటిది కాదు. సముద్రం ఏటా కొంత కోస్తుంది, నది ఏటా కొంత వేస్తుంది. మెత్తని ఒండ్రు తన బరువుకే కొద్దికొద్దిగా కుంగుతుంది కూడా. కొత్త మేట వచ్చినంతకాలం లెక్క సరిపోతుంది. రాక తగ్గితే సముద్రానిదే పైచేయి. గత కొన్ని దశాబ్దాలుగా డెల్టా తీరంలో కొత్తగా వచ్చిన నేలకంటే కోతకు పోయిన నేలే ఎక్కువని ఉపగ్రహ చిత్రాలు చెబుతున్నాయి. పైగా సముద్రమట్టమూ పెరుగుతోంది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ పేరు మన ఆడపడుచులందరికీ తెలుసు. జాందానీ చీరల ఊరు. ఆ ఊళ్లో ఇళ్లు, గుళ్లు, బీచి రోడ్డు ఎన్నోసార్లు కోతకు గురయ్యాయి. రాళ్లు పోసినా, ఇసుక నింపిన భారీ గొట్టాలతో గోడ కట్టినా సముద్రం మళ్లీ మళ్లీ వస్తోంది. కాకినాడకు నీడనిచ్చిన హోప్ ఐలాండ్ తిప్ప పెరిగిన కొద్దీ అలల దారి మారి, ఉప్పాడ వైపు తాకిడి ఎక్కువైందని భూగోళ శాస్త్రజ్ఞులు అంటారు. ఒకరికి అడ్డుగోడ అయినది మరొకరికి కోత అయింది. వశిష్ఠ మొగలో లక్ష్మీనరసింహస్వామి కొలువైన అంతర్వేది తీరంలోనూ సముద్రం ముందుకు రావడం ఇటీవలి సంవత్సరాల్లో వార్తలకెక్కింది.

ఆనకట్టలు వద్దని ఎవరూ అనలేరు. నందన కరువు సంగతి చదివినవారు అసలే అనలేరు. కాని నదిని నీటిగా మాత్రమే లెక్కగట్టడం చాలదని ఇవాళ తెలుస్తోంది. నది అంటే నీరూ మట్టీ కలిసి. నీటి పంపకాలకు రాష్ట్రాల మధ్య ట్రిబ్యునళ్లు వచ్చాయి. మట్టి సంగతి కూడా ఆ స్థాయిలో ఆలోచించవలసిన రోజు వచ్చింది. మడ అడవిని కాపాడుకోవడం, నదిలో ఇసుక తవ్వకానికి హద్దు పెట్టడం, తీరం వెంట కొత్త కట్టడాలు కట్టేముందు అలల దారిని అధ్యయనం చేయడం వెంటనే చేయగలిగిన పనులు.

మన పిల్లలకు చూపవలసిన చోటు

తుఫాను వచ్చినప్పుడల్లా మన సంఘాలు ముందుకు వచ్చి విరాళాలు పోగుచేస్తాయి. మంచి సంప్రదాయం. అదే చేత్తో తీరగ్రామాల్లో మడ మొక్కలు నాటే పనికీ, అక్కడి బడిపిల్లలకు తమ తీరం గురించి చెప్పే పుస్తకాలకూ కొంత తోడ్పడితే, ఆ సాయం తుఫాను రాకముందే పనిచేస్తుంది.

సెలవులకు ఇండియా వెళ్లినప్పుడు పిల్లలను గుళ్లకూ, బంధువుల ఇళ్లకూ తీసుకువెళతాం. ఈసారి ఒకరోజు కేటాయించి రాజమండ్రి నుంచి కాకినాడ దాకా వెళ్లి రండి. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూపించండి. దారిలో గౌతమి గట్టు మీద ఆగి, నది ఎత్తున, పొలాలు పల్లాన ఎందుకున్నాయో వాళ్లనే అడగండి. కోరంగి మడ అడవిలో చెక్క బాట మీద నడిపిస్తూ, వేళ్ల మధ్య నిలిచిన బురదను చూపించి, ఇది నాసిక్ నుంచి వచ్చిందని చెప్పండి. ఒకప్పుడు ఇక్కడ ఓడలు నిలిచేవని, ఈ రేవు పేరు మోసుకొని మనవాళ్లు మారిషస్, రంగూనుల దాకా వెళ్లారని చెప్పండి. ఆ మారిషస్‌లో ఇవాళ ఉగాది ప్రభుత్వ సెలవుదినం అని కూడా చెప్పండి. చులకనగా పిలిపించుకున్న కోరంగివాళ్ల మనుమలు సాధించుకున్న గౌరవం అది.

ఈ సంక్రాంతికి పొయ్యి మీద పాలు పొంగేటప్పుడు, గిన్నెలో పోసే గుప్పెడు బియ్యానికి అంత దూరపు చరిత్ర ఉందని ఒక్కసారి తలచుకుందాం. సభ్యుల కుటుంబాలన్నిటికీ సంక్రాంతి శుభాకాంక్షలు.